గుర్రం రొప్పుతోందంటే అలసటా, వడదెబ్బా, జబ్బా? కొలిచి తేల్చుకునే పద్ధతి

ఎండలు మొదలయ్యాయంటే చాలు, ఇవే ప్రశ్నలు. "బరాత్ అయి అరగంటైంది, ఇంకా డొక్కలు ఎగరేస్తూనే ఉంది, ఏమన్నా అవుతుందా?" "జీను వేసి కదిలించగానే రెండుసార్లు దగ్గుతుంది, తర్వాత మామూలే. తిప్పొచ్చా?" "చెమట మీదున్న గుర్రానికి చన్నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయంటారు, నిజమేనా?" పెళ్లి గుర్రాలు నడిపేవాళ్లు, బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పేవాళ్లు, కొత్తగా రైడింగ్ నేర్చుకుని సొంతంగా ఒక గుర్రం కొనుక్కున్నవాళ్లు, అందరూ అడిగేది ఇదే.

ఎవరడిగినా ముందు నేనడిగేది ఒకటే: జ్వరం, అంటే ఒంటి వేడి, ఎంతుంది, నాడి ఎంతుంది, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది? చాలామంది దగ్గర జవాబుండదు. "చూస్తే డల్‌గా ఉంది" అంటారు. డల్‌గా ఉండటం అలసట కావచ్చు, వడదెబ్బ కావచ్చు, ఫ్లూ మొదలవుతుండొచ్చు. మూడింటికీ చేయాల్సిన పని వేరు. ఆ తేడా కంటికి కనబడదు, కొలిస్తేనే తెలుస్తుంది.

సిద్ధాంతం కొంచెమే చెప్తాను, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది. గుర్రం కండరాలు పనిచేసేటప్పుడు వాడే శక్తిలో నాలుగింట మూడొంతులకు పైగా వేడిగా మారిపోతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి దానికున్న పెద్ద దారి చెమట. గట్టి పనిలో గంటకు 10 నుంచి 15 లీటర్ల దాకా పోతుంది. రెండో సంగతి, గుర్రం నోటితో ఊపిరి తీయలేదు, ముక్కే గతి. కుక్కలా నోరు తెరిచి వగర్చే వీలు లేదు. అందుకే ముక్కులో, గొంతులో ఏ చిన్న తేడా వచ్చినా పరుగులో తెలిసిపోతుంది. పైగా దౌడులో అడుగుకొక ఊపిరి చొప్పున రెండూ ముడిపడి ఉంటాయి, వేగంగా పరిగెత్తుతూ కావాలన్నా ఎక్కువ ఊపిరి తీసుకోలేదు. మూడోది ప్లీహం. అదనపు ఎర్ర రక్తకణాలు అందులో నిల్వ ఉంటాయి. పరుగు మొదలుకాగానే అది ముడుచుకుని వాటిని రక్తంలోకి వదులుతుంది. విశ్రాంతిలో 35–40 శాతం ఉండే ఎర్రకణాల వంతు 60 దాటుతుంది. గుర్రం అంత పని చేయగలగడానికి ఇదొక కారణం. బాగా చెమటోడ్చాక రక్తం చిక్కబడి ఇబ్బంది పడటానికీ ఇదే తోడవుతుంది.

కావలసినవి

- మెడికల్ షాపులో దొరికే డిజిటల్ థర్మామీటర్. గాజుది, పాదరసంది వద్దు, లోపల విరిగితే పెద్ద తలనొప్పి.
- దానికి కట్టడానికి గట్టి దారం, తోకకు తగిలించడానికి బట్టల క్లిప్పు
- వాజలైన్
- మామూలు స్టెతస్కోప్, చవకరకమైనా చాలు
- సెకన్లు చూపించే వాచీ లేదా ఫోను
- ఒక నోటుబుక్కు. యాప్ వద్దు. లాయంలో తడి చేతులతో ఫోను తీయడం మానేస్తారు, దారానికి వేలాడే పుస్తకమైతే సైస్ (గుర్రాన్ని చూసుకునే పనివాడు) కూడా రాస్తాడు.
- ఎండాకాలమైతే కనీసం ఒక డ్రమ్ము నీళ్లు, బకెట్లు, వీలైతే పెద్ద స్టాండ్ ఫ్యాను

1. ముందు మీ గుర్రం మామూలు అంకెలు రాసుకోండి

జబ్బు చేసినప్పుడు మొదటిసారి కొలిస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. వారం రోజులపాటు పొద్దున దాణాకు ముందు, సాయంత్రం చల్లబడ్డాక, గుర్రం ప్రశాంతంగా ఉన్నప్పుడు కొలవండి. పెద్ద గుర్రానికి విశ్రాంతిలో ఉండాల్సినవి ఇవి:

- జ్వరం: 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీట్. మన షాపుల్లో థర్మామీటర్లు ఎక్కువగా ఫారెన్‌హీట్‌లోనే చూపిస్తాయి కాబట్టి జ్వరం లెక్క అంతా అందులోనే చెప్తాను.
- నాడి: నిమిషానికి 28 నుంచి 44
- శ్వాస: నిమిషానికి 8 నుంచి 16

పిల్ల గుర్రాలకు మూడూ ఎక్కువే ఉంటాయి. వాటికి ఈ హద్దులు పెట్టుకోకండి.

*జ్వరం చూడటం.* గుర్రం వెనక నిలబడకండి. ఎడమవైపు, వెనక తొడకు ఆనుకుని నిలబడి, తోకను పక్కకు జరపండి. వాజలైన్ రాసిన కొనను రెండంగుళాలు లోపలికి పంపి, కొంచెం పక్కకు వంచి లోపలి గోడకు తగిలేలా ఉంచండి. చాలామంది తప్పు ఇక్కడే జరుగుతుంది. కొన లద్దెలో గుచ్చుకుంటే అసలు కంటే తక్కువ చూపిస్తుంది. 97, 98 వచ్చిందంటే సంతోషపడకుండా మళ్లీ పెట్టండి. అప్పుడే లద్దె వేసి ఉంటే లోపలికి గాలి చేరుతుంది, పది నిమిషాలు ఆగండి. క్లిప్పు తోక వెంట్రుకలకు తగిలించడం మర్చిపోవద్దు.

*నాడి.* ఎడమ ముందుకాలి మోచేతి వెనక స్టెతస్కోప్ పెడితే "లబ్-డబ్" అని వినిపిస్తుంది. ఆ రెండూ కలిపి ఒకటే. విడివిడిగా లెక్కపెట్టి "80 ఉంది" అని కంగారుగా ఫోన్ చేసేవాళ్లు ఎక్కువ. స్టెతస్కోప్ లేకపోతే దవడ ఎముక కింది అంచున, లోపలివైపు సన్నటి పెన్సిల్ మందాన రక్తనాళం వేలికి తగులుతుంది. బొటనవేలు కాకుండా మధ్యవేళ్లతో తేలిగ్గా నొక్కాలి. విశ్రాంతిలో నాడి నెమ్మది కాబట్టి 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. పని తర్వాతైతే 15 సెకన్లు, నాలుగుతో.

ఒక్కోసారి నాలుగైదు దెబ్బలకొకసారి ఒక దెబ్బ తప్పిపోయినట్టు వినిపిస్తుంది. ఆరోగ్యమైన గుర్రాల్లో విశ్రాంతి వేళ ఇది మామూలే. నాలుగడుగులు పరిగెత్తించగానే పోవాలి. పోకపోతే డాక్టరుకు వినిపించండి.

*శ్వాస.* ముక్కు దగ్గర చెయ్యి పెట్టొద్దు. పెడితే వాసన చూడటం మొదలుపెట్టి లెక్క చెడగొడుతుంది. పక్కగా నాలుగడుగుల దూరం నిలబడి డొక్కను చూడండి. పైకి లేచి దిగితే ఒకటి. ఈగలు తోలుకుంటూ చర్మం అదరడాన్ని లెక్కేయకండి.

2. బయటికి తీసే ముందు వాతావరణం లెక్కవేయండి

గుర్రాలవాళ్లు వాడే మోటు లెక్క ఒకటుంది. ఉష్ణోగ్రతను ఫారెన్‌హీట్‌లో తీసుకుని, దానికి గాలిలో తేమ శాతం కలపాలి. 130 లోపైతే గుర్రం తన వేడిని తాను దించుకోగలదు. 130–150 మధ్య జాగ్రత్త. 150 దాటితే తేలికపాటి పనే, అందులోనూ తేమ ఎక్కువుంటే చెమట పట్టినా ఆరదు. 180 దాటితే లాయంలోనే ఉంచండి.

ఫోను సెల్సియస్ చూపిస్తుంది కదా, ఇవి గుర్తుంచుకుంటే సరిపోతుంది: 32 అంటే 90, 35 అంటే 95, 38 అంటే 100, 40 అంటే 104, 42 అంటే దాదాపు 108.

మే నెలలో విశాఖలో 35 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకోండి. 95కు 75 కలిపితే 170. అదే రోజు హైదరాబాద్‌లో 40 డిగ్రీలు, తేమ 25 శాతమైతే 129. ఎండ హైదరాబాద్‌లో ఎక్కువ, ప్రమాదం విశాఖలో ఎక్కువ. బీచ్ దగ్గర గాలి చల్లగా తగులుతోందని గుర్రాన్ని మధ్యాహ్నం దాకా తిప్పేవాళ్లు ఇది చూసుకోవాలి.

అలాగని ఈ లెక్కను గుడ్డిగా నమ్మొద్దు. పల్నాడులో 45 డిగ్రీల వడగాలికి తేమ 15 ఉందనుకుంటే మొత్తం 128 వస్తుంది, చాలా బాగున్నట్టు కనిపిస్తుంది. కానీ చర్మం కంటే గాలే వేడిగా ఉన్నప్పుడు, పైనుంచి ఎండ, కింద తారురోడ్డు కాలుతున్నప్పుడు ఆ లెక్క పనికిరాదు. నా మాటైతే 40 డిగ్రీలు దాటాక మొత్తం ఎంతైనా సరే, పొద్దున 8 లోపు, సాయంత్రం 6 తర్వాతే.

చల్లటి ఊరినుంచి తెచ్చిన గుర్రానికి మన ఎండ అలవాటు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోండి. కొన్నాక మర్నాడే బరాత్‌కు పంపొద్దు.

3. పని అయ్యాక పది నిమిషాలు గుర్రం దగ్గరే ఉండండి

ఆపగానే నాడి చూసుకోండి. 120, 150 ఉన్నా ఫర్వాలేదు. రేసు గుర్రం పూర్తి దౌడులో 220 దాటుతుంది. అసలు చూడాల్సింది ఎంత పెరిగిందని కాదు, ఎంత త్వరగా దిగిందని. పది, పదిహేను నిమిషాల్లో 60కి అటూ ఇటూ వచ్చేయాలి. దూరం పరిగెత్తే ఎండ్యూరెన్స్ పోటీల్లో 64కు దిగితేనే గుర్రాన్ని ముందుకు పంపుతారు. మనకూ అదే కొలత బాగుంటుంది.

అనుమానంగా ఉంటే ఇంకో పరీక్ష. నాడి లెక్కపెట్టండి. వెంటనే పగ్గం పట్టుకుని 40 మీటర్లు చిన్న పరుగులో తీసుకెళ్లి, అదే పరుగులో వెనక్కి తీసుకురండి. బయల్దేరిన క్షణం నుంచి సరిగ్గా నిమిషానికి మళ్లీ లెక్కపెట్టండి. రెండో అంకె మొదటిదానికి సమానంగానో తక్కువగానో ఉంటే గుర్రం బాగుంది. నాలుగైదు ఎక్కువుంటే ఆ రోజుకు పని చాలించండి. అలసటో, నొప్పో, నీరు తగ్గడమో ఏదో ఉంది. అప్పటికే తూలుతున్న గుర్రానికి ఈ పరీక్ష పెట్టకండి, సూటిగా 4వ మెట్టుకు వెళ్లండి.

బరాత్ గుర్రాలకు చిన్న సవరణ ఉంది. డీజే మోత, టపాసులు, చుట్టూ జనం ఉంటే భయంతోనే నాడి 80 దాకా పోతుంది. పక్క సందులోకి తీసుకెళ్లి ఐదు నిమిషాలు నిలబెట్టి అప్పుడు చూడండి. భయమైతే గభాలున దిగుతుంది. వేడైతే దిగదు.

4. వేడెక్కిన గుర్రాన్ని చల్లబరచడం

ఆపిన అరగంటకు కూడా జ్వరం 103 మీద ఉన్నా, శ్వాస నాడికంటే ఎక్కువుండి డొక్కలు ఎగరేస్తున్నా, చెమట పట్టాల్సినచోట ఒళ్లు పొడిగా కాలుతున్నా ఆలస్యం చేయొద్దు. 105 దాటినా, తూలినా ఒకరు డాక్టరుకు ఫోన్ చేస్తుండగా ఇంకొకరు నీళ్లు మొదలుపెట్టాలి. డాక్టరు వచ్చేదాకా ఆగకూడదు.

నీడలోకి తీసుకెళ్లి జీను, జరీ బట్టలు, ముఖమల్ ముసుగు అన్నీ విప్పేయండి. ఒళ్లంతా నీళ్లు పోయండి. మెడ, ఛాతీ, వీపు, తుంట్లు, తొడల లోపలి వైపు. ఆపకుండా పోస్తూనే ఉండాలి. ముక్కులోకి, చెవుల్లోకి పోకుండా చూసుకోండి.

చన్నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయన్నది పాతకాలపు భయం. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు ఎండలో గుర్రాలను ఎలా కాపాడాలని గట్టిగా పరిశోధన జరిగింది. చల్లటి నీళ్లు ధారాళంగా పోయడమే సరైన పద్ధతని అందులో తేలింది. ఐసు కలిపినా తప్పులేదు. మన దగ్గర అసలు ఇబ్బంది వేరే. మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు పైపు తిప్పితే చెయ్యి కాలే నీళ్లొస్తాయి. ముందు అవి పారనిచ్చి, లేదా సంపులోంచి, బోరులోంచి తోడి పోయండి.

నీళ్లు సమృద్ధిగా ఉంటే మధ్యమధ్య ఒంటిమీది నీళ్లు గీకేయాల్సిన పనిలేదు. ఒకటి రెండు బకెట్లే ఉంటే మాత్రం గీకి మళ్లీ పోయండి, ఎందుకంటే ఒంటిమీద నిలిచిన నీళ్లు నిమిషంలో వేడెక్కుతాయి. తడిసిన ఒంటికి ఎదురుగా ఫ్యాను పెడితే ఇంకా మంచిది. తడి గోనెసంచులు, తువ్వాళ్లు కప్పడం మాత్రం మానుకోండి. వాటి కింద వేడి చిక్కుకుపోతుంది.

తూలడం లేకపోతే రెండు మూడు నిమిషాలు పోసి, నెమ్మదిగా నాలుగడుగులు నడిపి, మళ్లీ పోయండి. పది నిమిషాలకోసారి జ్వరం చూడండి. 102కు దిగితే ఆపి, అరగంట తర్వాత మళ్లీ ఒకసారి చూడండి. ఒక్కోసారి తిరిగి ఎక్కుతుంది.

జ్వరం మాత్ర వేస్తే దిగుతుందా అని అడుగుతారు. దిగదు. జ్వరంలో ఒళ్లే వేడిని పెంచుకుంటుంది, మందు ఆ ఆజ్ఞను రద్దు చేస్తుంది. వడదెబ్బలో అలాంటి ఆజ్ఞే లేదు, వేడి బయటికి పోలేక నిండిపోయింది. పైగా నీరు తగ్గిపోయిన గుర్రానికి నొప్పి మందులు కిడ్నీల మీద పడతాయి.

ఎండలో పనిచేసినా చెమటే పట్టకుండా జూలు కింద మాత్రమే తడిసే గుర్రాలు కొన్ని ఉంటాయి. తేమ ఎక్కువుండే వేడి ప్రాంతాల్లో ఈ జబ్బు కనిపిస్తుంది. అలాంటి గుర్రాన్ని వేసవిలో పనికి పెట్టనే పెట్టొద్దు.

5. నీళ్లు, ఉప్పు

వేడి మీద నీళ్లు తాగితే శూల (కడుపునొప్పి) వస్తుందని బకెట్ దాచేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తాగనివ్వండి. మరీ ఆత్రంగా ఉంటే సగం బకెట్ చొప్పున నాలుగైదు నిమిషాల తేడాతో పెట్టండి. నీళ్లు ఆపడం వల్లే ఎక్కువ నష్టం.

బాగా చెమటోడ్చిన గుర్రం ఒక్కోసారి నీళ్ల వంక కూడా చూడదు. దాని చెమట రక్తంకంటే ఉప్పగా ఉంటుంది. నీళ్లతోపాటు ఉప్పూ పోవడంతో దాహం తెలియదు. అందుకే ఉప్పు పెట్టాలి. లీటరు చెమటలో సుమారు 10 గ్రాముల లవణాలు పోతాయి. మనుషుల ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో ఉప్పు 2.6 గ్రాములే. పది లీటర్ల చెమట పోయిన గుర్రానికి రెండు ప్యాకెట్లు కలిపి "ఓఆర్‌ఎస్ పట్టాం సార్" అంటే ఏం లాభం?

మామూలు రోజుల్లో 400 కిలోల గుర్రానికి దాణాలో 40 గ్రాముల వంటుప్పు, అంటే రెండు పెద్ద చెంచాలు. బాగా చెమట పట్టిన రోజు ఇంకొకటి కలిపి, రెండు పూటలకూ పంచండి. నానబెట్టిన ఉలవల్లో, తవుడులో కలిపితే మాట్లాడకుండా తింటుంది. ఉప్పునీళ్లు పెడితే పక్కన మంచినీళ్ల బకెట్ తప్పనిసరి. నీళ్లు ముట్టని గుర్రానికి ఉప్పు ముద్ద నోట్లో కుక్కొద్దు. ఉన్న కాస్త నీరూ పేగుల్లోకి లాగేస్తుంది.

సరిపోయిందో లేదో చూడాలంటే పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలో మళ్లీ గులాబీరంగుకు రావాలి. చిగురు జిగటగా, పొడిగా తగిలితే ఇంకా నీరు తక్కువే. మెడ మీద చర్మం పట్టి లాగి చూడటం చాలామంది చేస్తారు గానీ, ముసలి గుర్రాల్లో అది మోసం చేస్తుంది.

6. దగ్గు, ముక్కు కారడం

కదలగానే రెండుసార్లు దగ్గడం "గొంతు సవరించుకోవడం" కాదు. చాలాసార్లు అది గాలిగొట్టాల్లో వాపుకు మొదటి గుర్తు. విశ్రాంతిలో జ్వరం మామూలుగా ఉండి, తిండి బాగుండి, దగ్గు మాత్రం ఉంటే ముందు లాయాన్ని అనుమానించండి. గుర్రం పడుకునే ఎత్తుకు మీరూ వంగి గాలి పీల్చండి. మూత్రం ఘాటు కళ్లలోకి కొడితే దాని ఊపిరితిత్తులకు రాత్రంతా తగిలేది అదే. ఎండుగడ్డి దులిపితే పొగలా లేస్తుందా? అరగంట నీళ్లలో నానబెట్టి తడిగా వేయండి. గడ్డి పైన కట్టకుండా నేలమీద వేయండి, తల దించి తింటే చీమిడి దానంతటదే కారిపోతుంది. లారీలో తలెత్తి కట్టేసి రాత్రంతా తీసుకెళ్తే న్యుమోనియా వచ్చేది కూడా ఆ తల దించుకోలేకే. నాలుగైదు గంటలకోసారి ఆపి పగ్గం వదులు చేయండి.

విశ్రాంతిలో, నీడలో, పొద్దున్నే 101.5 దాటితే అది జ్వరం. గుర్రాల ఫ్లూ అయితే సోకిన ఒకటి నుంచి మూడు రోజుల్లో జ్వరం ఎక్కి, పొడి దగ్గు మొదలై, లాయం మొత్తం పాకుతుంది. మన దేశంలో 1987లో వచ్చింది, మళ్లీ 2008లో జమ్మూలోని కట్రా దగ్గర మొదలై రాష్ట్రాలు దాటింది. స్ట్రాంగిల్స్ అనే ఇంకో అంటుజబ్బులో దవడ కింద గడ్డలు లేస్తాయి. అందులో జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల తర్వాతే గుర్రం క్రిములను బయటికి వదలడం మొదలుపెడుతుంది. అంటే రోజూ రెండుపూటలా జ్వరం చూసేవాళ్లు, అంటించకముందే దాన్ని విడదీయగలరు. ఆ గుర్రానికి బకెట్టు, దువ్వెన, కళ్లెం వేరే పెట్టండి. సైస్ ముందు బాగున్న గుర్రాల పని ముగించి, చివర్లో దాని దగ్గరికి వెళ్లాలి.

తిరిగి పనికి ఎప్పుడు? జ్వరమున్న ఒక్కో రోజుకు ఒక వారం విశ్రాంతి. ఫ్లూ అయితే జ్వరం ఒక్కరోజే ఉన్నా మూడు వారాలకు తక్కువ వద్దు. గాలిగొట్టాల లోపలి పొర ఫ్లూలో ఊడిపోతుంది, అది మళ్లీ పెరగడానికి అంత కాలం కావాలి. దగ్గు తగ్గిందని ముహూర్తాల సీజన్లో వారానికే పంపితే ఆ దగ్గు నెలల తరబడి వదలదు. మొదట నడక, తర్వాత చిన్న పరుగు. ప్రతి మెట్టు తర్వాత మర్నాడు పొద్దున జ్వరం, దగ్గు చూసుకుని ముందుకు వెళ్లండి. నొప్పి మందు వేసిన రోజు చూసిన జ్వరాన్ని లెక్కలోకి తీసుకోకండి, మందు దాన్ని కప్పేస్తుంది.

ముక్కు ఒకవైపే కారుతూ కంపు కొడితే చాలావరకు పంటి వేరుదో, దాని పైన ముఖం ఎముకలో ఉండే గాలి గదిదో (సైనస్) తంటా. పని తర్వాత ముక్కులోంచి రక్తం కనబడితే పరుగు ఆపేసి చూపించండి. జిగట పసుపు చీముతోపాటు ముక్కులోపల పుండ్లు, కాళ్లమీద వరసగా కణుతులు ఉంటే గ్లాండర్స్ అని అనుమానించాలి. ఇది మనుషులకూ అంటుతుంది, ప్రాణాలమీదికి వస్తుంది. చేతులకు తొడుగులు, ముఖానికి మాస్కు లేకుండా దగ్గరికెళ్లొద్దు. ఇంట్లో మందులు మొదలుపెట్టొద్దు. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం పశుసంవర్ధక శాఖకు తెలపాల్సిన జబ్బు ఇది. ఆ గుర్రాన్ని అమ్మడం, ఇంకో ఊరు పంపడం అసలే చేయకండి.

7. డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనానికి 1962. అందులో వచ్చేవాళ్లు ఎక్కువగా గేదెలు, గొర్రెలు చూసేవాళ్లై ఉండొచ్చు. అందుకే గుర్రాలు చూసే డాక్టరు నంబరు ముందే సంపాదించి నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. "గుర్రం బాగోలేదు, తొందరగా రండి" అంటే ఆయన చేయగలిగింది తక్కువ. ఇలా చెప్పండి: "ఏడేళ్ల ఆడగుర్రం. రాత్రి 9కి బరాత్ అయింది. 9:30కి జ్వరం 104.2, నాడి 84, శ్వాస 90. మామూలుగా పొద్దున నాడి 36 ఉంటుంది. నీళ్లు పోస్తున్నాం, 9:50కి 103కు దిగింది. చెమట ఉంది, నీళ్లు తాగలేదు, లద్దె వేయలేదు. ఏ మందూ వేయలేదు." ఇంత చెబితే వచ్చేలోపు ఏం చేయాలో ఆయన ఫోన్లోనే చెప్పగలరు, సెలైన్ సీసాలు ఎన్ని వెంట తెచ్చుకోవాలో కూడా ఆయనకు తెలిసిపోతుంది.